ఏడో గుంటలో పాల ప్యాకెట్

"గుంట మూసింది శనివారం. మార్చి పదిహేను. పొద్దున పది గంటలకు," అన్నాడు ప్రొఫెసర్ జ్ఞానేశ్వర్. నేనింకా కుర్చీలో సరిగ్గా కూర్చోనే లేదు.

అడగని ప్రశ్నకు తేదీ, వారం, గంటతో సహా జవాబు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ అనుమానం. పోలీసు కొలువులో పదకొండేళ్లు చేసి, రాజీనామా కాగితం బల్ల మీద కొట్టి వచ్చాక నాకు మిగిలిన ఆస్తి ఆ అనుమానమొక్కటే. ఇప్పుడు జిరాక్సు షాపు పైగదిలో 'షెకినా - ప్రైవేటు దర్యాప్తులు' అని నా పేరున బోర్డు పెట్టుకుని బతుకుతున్నాను. సగం మంది బ్యూటీ పార్లరనుకుని మెట్లెక్కి వస్తారు.

"గుంట సంగతి నేనడగలేదు సార్. నోయల్ సంగతి అడగనీకి వచ్చిన," అన్నాను.

నోయల్ ఆయన దగ్గర పురావస్తుశాస్త్రంలో పరిశోధన చేస్తున్న విద్యార్థి. ఇరవై తొమ్మిదేళ్లు. పది రోజులుగా మనిషి లేడు. అతనితో పాటు శాఖ బీరువాలోంచి మూడు రాగి రేకుల శాసనం కూడా లేదు. బీదర్ బయట గుర్రాలదిబ్బ మీద తవ్వుతుంటే ఏడో గుంటలో దొరికిందని పేపర్లన్నీ ఫోటోలు వేసిన శాసనం అది. పోలీసుల లెక్క చాలా సులువు. కొడుకు రేకులు పట్టుకుని పారిపోయాడు, అదే తవ్వకాల్లో ఇరవై రెండేళ్లుగా కూలి చేస్తున్న తండ్రి ఏసప్ప సాయం పట్టాడు. ఏసప్ప ఆరు రోజులుగా లాకప్‌లో ఉన్నాడు. ఈ సాయంత్రం నాలుగింటికి కోర్టుకు తీసుకెళ్తారు. ఆ లోపల ఏదో ఒకటి తేలకపోతే తండ్రీ కొడుకులిద్దరూ బతికినన్నాళ్లూ దొంగలే.

ఏసప్ప మా చర్చి మనిషి. చుట్టం కాకపోయినా చిన్నప్పటినుంచీ నాకు మామే. ఆయన భార్య కమలాబాయి నా గదికొచ్చి ఒకటే మాట అన్నది: "నా కొడుకు ఏడున్నా వాడే వస్తడు. వాడు దొంగ కాదని మాత్రం నువ్వు జెప్పాలె బిడ్డా."

"నోయల్‌ని ఆఖరుసారి ఎప్పుడు చూసిండ్రు?" అడిగాను.

"పదమూడో తేదీ, గురువారం. ఆ రోజుతో తవ్వకం ముగించాం. మర్నాడు హోలీ."

"ఆదివారం పదహారున మీరేడున్నరు?"

"ఇంట్లోనే. థీసిస్‌లు దిద్దుకుంటున్నాను. ఒంటరిగానే, మా ఇంటావిడ ఊరెళ్లింది. అదే కదా మీ తర్వాతి ప్రశ్న?"

తెలివైనవాడే. యాభై తొమ్మిదేళ్లొచ్చినా చేతులు మాత్రం పార పట్టినవాడి చేతుల్లా ఉన్నాయి. ప్రొఫెసర్లలో అట్లాంటి చేతులు అరుదు. ఇంకో సందర్భంలో అయితే గౌరవించేదాన్ని.

"ఆదివారం చర్చి అయినంక నోయల్ ఇటే వచ్చిండు. పదకొండు ఇరవైకి ఫోను బందయింది. అప్పుడు ఈ యూనివర్సిటీ టవర్ కిందనే ఉన్నది."

"అదే నేను పోలీసులకు చెప్పింది. సెలవు రోజున వచ్చి, బీరువా తీసి, రేకులు పట్టుకుపోయాడు. తాళంచెవి ఒకటి అతని దగ్గర ఉండేది. సోమవారం పొద్దున చూస్తే బీరువా ఖాళీ."

నేను సంచిలోంచి నోయల్ నోటుపుస్తకం తీసి ఒక పేజీ ఆయన ముందు పెట్టాను. కమలాబాయి బియ్యం డబ్బాలో దాచి ఇచ్చిన పుస్తకం. ఆ పేజీలో నాలుగే వాక్యాలున్నాయి. 'రేకుల మీది పచ్చ చిలుము పాతది కాదు. నవసాగరం పూసి మట్టిలో పెడితే పది రోజుల్లో వస్తుంది. అక్షరాల గాట్ల అడుగున రాగి ఇంకా ఎర్రగానే ఉంది. సార్‌ను అడగాలి.'

ఈ ఊళ్లో నవసాగరం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. నల్లటి లోహంలో వెండి పొదిగే బిద్రీ పనివాళ్లు వాడే ఉప్పు అది, వాళ్ల ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.

ప్రొఫెసర్ చదివి, పుస్తకం మెల్లగా నావైపు తోశాడు. "కుర్రవాళ్లు చాలా రాసుకుంటారు."

"పద్దెనిమిదో తారీఖున ఆ రేకుల్ని పరీక్ష చెయ్యనీకి బెంగుళూరునుంచి నిపుణులు రావాలె కద?"

"అవును."

"పదిహేడున రేకులు లేవు."

"అవును. దురదృష్టం."

"ఎవరిది సార్?"

ఆయన జూన్‌లో రిటైరవుతున్నాడు. ఆ శాసనం చూపించి ఊరి చరిత్రను మూడు వందల ఏళ్లు వెనక్కి జరిపాడు, శాఖ మ్యూజియంలో ఒక గదికి ఆయన పేరు పెట్టడం కూడా ఖాయమైంది. పేరు కోసం మనుషులు ఎంత దూరం పోతారో నేను కొలువులో చూశాను. డబ్బు కోసం పోయేవాళ్లు కొంత దూరం పోయాక ఆగుతారు.

"సరే, మీరే మొదలుపెట్టిండ్రు కద, గుంట సంగతే చెప్పుండ్రి," అన్నాను.

దాంతో మనిషి తేలికపడ్డాడు. పాఠం చెప్పే గొంతు వచ్చేసింది. "తవ్విన గుంటను మూసేముందు అడుగున పాల ప్యాకెట్ పరుస్తాం. కూలీల చివరి చాయ్ కోసం తెచ్చినదే, కడిగి. యాభై ఏళ్ల తర్వాత ఎవరైనా అక్కడే మళ్లీ తవ్వారనుకోండి, ప్యాకెట్ కనబడగానే ఆగుతారు. ముందువాళ్లు ఇంతవరకే వచ్చారు, దీని కింద మనిషి చెయ్యి తగలని నేల అని అర్థం. దాని మీద తేదీ కూడా ఉంటుంది, ప్లాస్టిక్ కుళ్లదు."

"అందరూ ఇట్లనే చేస్తరా?"

"కొందరు నాణెం వేస్తారు. పాల ప్యాకెట్ నా పద్ధతి. నా దగ్గర నేర్చుకున్నవాళ్ల పద్ధతి."

"ఈసారి ఎవరు పరిచిండ్రు?"

"నేనే, శనివారం. ఆ తర్వాత జేసీబీ వచ్చి మూసింది."

బయటికొచ్చేటప్పుడు వరండా గోడకు విద్యార్థులు గీసిన బొమ్మలు అంటించి ఉన్నాయి. వాటిలో ఒకటి నోయల్‌ది. ఏడో గుంట గోడ, మట్టి పొరలు, పక్కన కొలతలు. అన్నిటికన్నా కింద 'అడుగు - 2.10 మీ.' అని పొందికైన అక్షరాలు. ఫోనుతో ఫోటో తీసుకున్నాను. ఎందుకని అడిగితే ఆ క్షణాన చెప్పలేను. ఆ రాత బాగుంది, అంతే.

పదకొండూ ఐదుకు కమలాబాయి ఫోను. ఆమె ఏడుపులోంచి నేను ఏరుకున్నది ఇంతే: ఏసప్ప ఒప్పుకున్నాడు. రేకులు ఏడో గుంటలోనే పాతిపెట్టానన్నాడు. పోలీసులు ఆయన్ను గుర్రాలదిబ్బకు తీసుకుపోతున్నారు.

నేను చేరేసరికి పదకొండూ నలభై. దిబ్బ మీద జీపు, ఇద్దరు కానిస్టేబుళ్లు, పంచనామాకు సాక్షులుగా ఇద్దరు పంచులు, నలుగురు కూలీలు. వాళ్లలో తట్ట పట్టుకుని రాచమ్మ ఉంది. పదిహేనేళ్లుగా ఇవే తవ్వకాల్లో మన్ను మోస్తున్న మనిషి. అందరికీ మధ్యలో ఇన్‌స్పెక్టర్ విజయేందర్ నల్లద్దాలతో నిలబడి ఉన్నాడు.

"ఏం మేడం, పంచనామా కాడ ప్రైవేటోళ్లకేం పని?"

"ముద్దాయి వకీలు పంపిండు. కాగితం చూస్తవా?"

"కాగితాలంటే నీకే మోజు. నాకు ముద్దాయే ఒప్పుకున్నడు."

"నీ దగ్గర అందరూ ఒప్పుకుంటరు విజయేందర్. రాళ్లను పెట్టినా ఒప్పుకుంటయి."

అతను నవ్వాడు. నాలుగేళ్ల కిందట ఒక హత్యకేసులో నేను పట్టుకున్న మనిషిని తన పేరున కోర్టులో నిలబెట్టి అతను ఇన్‌స్పెక్టరయ్యాడు. నేను గొడవ చేసి ఇంట్లో కూర్చున్నాను. కడుపుమంట లేదని చెబితే అబద్ధం. ఉంది, ఇప్పటికీ ఉంది.

జీపు నీడలో ఏసప్ప మామ గొంతుక్కూచుని ఉన్నాడు. ఎడమచేతి రెండు వేళ్లు వంకాయల్లా వాచి ఉన్నాయి. నేను పక్కన కూర్చోగానే గొంతు తగ్గించాడు.

"అబద్ధం జెప్పిన బిడ్డా."

"ఎందుకు మామా? నీ మెడకు నువ్వే ఉరి తగిలించుకున్నవ్ కద!"

"తవ్వుండ్రి సారూ, తవ్వి సూడుండ్రి అని నాలుగు దినాలు బతిలాడిన. వినలే. నేనే దొంగనంటే ఉరికొచ్చిండ్రు, సూడు."

ఇంత చదువుకున్నాను, ఇంత కొలువు చేశాను, పోలీసుల చేత పని చేయించుకునే ఈ ఉపాయం నాకెప్పుడూ తట్టలేదు. ఖరీదు రెండు వేళ్లు.

"గుంటల ఏమున్నది మామా?"

"రేకులున్నయి. సోమారం మేం మూయనీకొస్తే అప్పటికే మూసున్నది. జేసీబీ మూసిందన్నరు. జేసీబీ మూస్తే దాని పండ్ల గుర్తులుండాలె, పెద్ద పెద్ద పెళ్లలు పడాలె. అది పారతోని మూసిన మన్ను. జానెడు పొయ్యాలె, కాలుతోని తొక్కాలె, మల్ల జానెడు పొయ్యాలె. అట్ల తొక్కుడు మాకు నేర్పిందే సారు." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "సారే దాసిండు. నా కొడుకు మీద ఏసిండు. రేకులు బయట పడ్తే వాని పేరు బయట పడ్తది. వాడు ఏడ దాక్కున్నడో, విని వస్తడు."

పదకొండూ యాభై ఐదుకు ప్రొఫెసర్ కారు వచ్చింది. శాసనం బయటపడితే గుర్తుపట్టడానికి విజయేందరే పిలిపించాడట. రానంటే బాగుండదు కాబట్టి వచ్చినట్టుంది. మడత కుర్చీ వేయించుకుని గుంట గట్టున గొడుగు కింద కూర్చున్నాడు.

గుంట రెండు మీటర్ల చదరం. సగం తవ్వితే చాలన్నాడు ఏసప్ప మామ. బేడీలు తీశారు. కూలీలు తవ్వుతుంటే ఆయన లోపల నిలబడి ప్రతి జానెడుకీ మట్టిని పిడికిట్లో నలిపి చూస్తున్నాడు. తొక్కిన పొరలు గోడలో గీతల్లా కనబడుతున్నాయి, నాక్కూడా. జేసీబీ అబద్ధం మొదటి అరగంటలోనే తేలిపోయింది. ఆ మాట విజయేందర్‌తో అంటే, "మన్ను సాక్ష్యం చెప్తదా కోర్టుల?" అన్నాడు.

ఒకటీ నలభైకి కూలీ పార కింద ఏదో కరకరలాడింది.

"ఆగు!" అన్నాడు ఏసప్ప మామ. వేళ్లతో మన్ను తోసి, పాల ప్యాకెట్ పైకి లాగకుండా ఉన్నచోటే అంచులు తేల్చాడు. కడిగి, నిలువునా కోసి, చదునుగా పరిచిన ప్యాకెట్.

ప్రొఫెసర్ కుర్చీలోంచి లేచాడు. "అంతే ఇన్‌స్పెక్టర్‌గారూ. అదే గుంట అడుగు. దాని కిందిది మనిషి చెయ్యి తగలని నేల. ఇంకా తవ్వితే ప్రభుత్వ స్థలాన్ని పాడుచేసినట్టే అవుతుంది."

విజయేందర్ మొహం ఎర్రబడింది. "ఏసప్పా, నాతోని ఆటలా? రేకులేవి? ఎక్కియ్యిండ్రి జీపు!"

"ఒక్క నిమిషం," అని నేను గుంటలోకి దూకాను. రాచమ్మ చేతిలోని టేపు పట్టుకుని కొలిచాను. ఒక మీటరు ఇరవై. తర్వాత ఆ ప్యాకెట్ మీద ఉమ్మి, కొంగుతో తుడిచి, తేదీ చదివాను. పదిహేడు, మార్చి.

"రాచమ్మా, సైటు మీదికి పాలు తెచ్చేది నువ్వే కద? ఈ డైరీ పాల మీద ఏ తారీఖుంటది?"

"మర్నాటిదుంటదమ్మా. పొద్దుగాల ఆరింటికొస్తయి, రేపటి తారీఖేసి వస్తయి."

"అంటే పదిహేడుంటే?"

"పదారున వచ్చినయి. ఐతారం పాలు."

నేను గట్టున ఉన్న ప్రొఫెసర్ వైపు తలెత్తాను. "శనివారం పదింటికి మీరే ప్యాకెట్ పరిచి గుంట మూయించిండ్రు. ఆదివారం పాలు శనివారం గుంటలకు ఎట్ల దిగినయి సార్?"

ఆయన బదులు జవాబు విజయేందర్ ఇచ్చాడు. అందుకే అతనంటే నాకు ఒళ్లుమంట.

"ఎట్లంటే? నోయల్!" చిటికె వేశాడు. "ఆదివారం బీరువా కొల్లగొట్టిండు, ఈడికొచ్చి గుంట తీసిండు, ఇంకేవో దొరికితే పట్టుకున్నడు, మల్ల మూసిండు. పాల ప్యాకెట్ వాళ్ల సారు నేర్పిన అలవాటే కద. షుక్రియా మేడం, కేసు గట్టిచేసినవ్!"

"నాకూ అదే తోస్తోంది," అన్నాడు ప్రొఫెసర్ వెంటనే. "నా పద్ధతి తెలిసి, బీరువా తాళంచెవి కూడా ఉన్నవాడు నోయల్ ఒక్కడే."

నేను నా చేతులారా సంపాదించిన ఆధారం నా కళ్లముందే చచ్చాడో బతికాడో తెలియని పిల్లవాడి మెడకు చుట్టుకుంది. ఏసప్ప మామ నావైపు చూసిన చూపు నేను చెప్పలేను. అడుసులో కాలు వేశాక వెనక్కి తీస్తే లాభం లేదు, ఇంకో అడుగు వేయాల్సిందే.

"మంచిది," అన్నాను. "నోయలే చేసిండనుకో. మరి సారు శనివారం పరిచిన ప్యాకెట్ ఏది? గుంట అడుగు ఒకటీ ఇరవై కాదు. ఇది నోయల్ గీసిన బొమ్మ, మీ వరండాలనే ఉన్నది." గట్టెక్కి ఫోను విజయేందర్ మొహం ముందు పెట్టాను. "రెండు మీటర్ల పది. ఈ ప్యాకెట్ కింద ఇంకా తొంభై సెంటీమీటర్లు పోసిన మన్నే. సారు దాన్ని మనిషి చెయ్యి తగలని నేల అంటున్నడు. ఎందుకంటున్నడో అడుగు."

విజయేందర్ ఫోను చూశాడు. ప్రొఫెసర్‌ను చూశాడు. ఎంత చెడ్డా పోలీసువాడే, ముక్కు పనిచేస్తుంది.

"నాకు కొలతలు సరిగ్గా గుర్తు లేవు," అన్నాడు ప్రొఫెసర్.

"ఇరవై నిమిషాలు," అన్నాడు విజయేందర్ గడియారం చూసి. "అంతకు మించి ఒక్క నిమిషం ఇయ్య."

ఏసప్ప మామ కూలీని పక్కకు జరిపి పార తనే అందుకున్నాడు. వాచిన వేళ్లు మడవకుండా మిగతా మూటితో పట్టుకుని తవ్వుతున్నాడు. మొహంలో పండగ. "కిందనే ఉన్నయి బిడ్డా. రేకులు కిందనే ఉన్నయి. కమలకు ఫోన్ జేసి జెప్పు, మనోడు దొంగ కాదని."

నేను చెయ్యలేదు. నాకు అప్పటికే లెక్క కుదిరిపోయింది. రేకులు దాచడానికి ఒక మూర లోతు చాలు. నిలువునా రెండు మీటర్ల గుంట, తొంభై సెంటీమీటర్ల మన్ను, దాని మీద ఒక దొంగ అడుగు అక్కర్లేదు. ప్రొఫెసర్ ఆ ప్యాకెట్ పరిచింది, రేపెప్పుడైనా ఎవరైనా తవ్వినా చదువుకున్నవాడైతే అక్కడే ఆగిపోతాడని. ఆ రోజు ఏ పాలు చేతికందితే అవే కడిగి పరిచాడు. తేదీ కోసమే ప్యాకెట్ వేయాలని వందమందికి పాఠం చెప్పినవాడు, ఆ తేదీ చూసుకోలేదు. నోరు తెరిచి మామను ఆపుదామనుకున్నాను. ఏమని ఆపాలి?

రెండు గంటలకు మొదట వాసన వచ్చింది. కూలీలు వెనక్కి జరిగారు. రాచమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "యేసయ్యా," అంది. ఆమె యేసయ్యను నమ్మే మనిషి కాదు, ఏసప్ప కోసం అన్నట్టుంది.

ఏసప్ప మామ పార ఆపాడు. వంగి, మన్నులో చెయ్యి పెట్టి, అట్లాగే ఉండిపోయాడు. తర్వాత పార జాగ్రత్తగా పైకందించాడు.

"రాచమ్మా, గడ్డపారలన్నీ దూరం తీయి. బ్రష్ ఇయ్యి."

"ఏముందక్కడ?" అని విజయేందర్ అరిచాడు.

మామ మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆయన గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. రోజూ పనిలో అడిగే గొంతే. ఇరవై రెండేళ్లుగా గుంటలోంచి ఆయన అడగడం, గట్టు మీది కుర్చీలోంచి సార్ చెప్పడం. మనిషి ఎముకలు తగిలిన ప్రతిసారీ ముందు తల ఎటుందో తెలుసుకుని, ఆ వైపునుంచి మెల్లగా మొదలుపెట్టడం వాళ్ల పద్ధతి.

"తల ఏ దిక్కుకున్నది సార్?"

"ఉత్తరానికి," అన్నాడు ప్రొఫెసర్ జ్ఞానేశ్వర్. "మెల్లగా ఏసప్పా, ముఖం..."

అక్కడ ఆగిపోయాడు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు, కానీ మాట బయటికి వచ్చేసింది. గుంట గట్టున విజయేందర్, పంచులు, కానిస్టేబుళ్లు, నేను, అందరం విన్నాం. తవ్వని మన్ను కింద ఉన్న మనిషి తల ఎటుందో ఈ భూమ్మీద ఒక్కడికే తెలుసు. విజయేందర్ నల్లద్దాలు తీసి, నావైపు చూడకుండా వెళ్లి ప్రొఫెసర్ మోచెయ్యి పట్టుకున్నాడు.

నేను గెలిచాను. నోయల్ దొంగ కాదు, పారిపోలేదు, సార్‌ను అడగాలనుకున్న ప్రశ్న అడగడానికే ఆదివారం వెళ్లాడు, తండ్రి నేరం చేయలేదు, ఆధారాలన్నీ ఉన్నాయి, ఇంకా రెండు గంటల టైము కూడా ఉంది. ఇట్లాంటి గెలుపు నా పగవాడికి కూడా వద్దు.

ఏసప్ప మామ ఉత్తరం వైపుకు జరిగి బ్రష్ పట్టుకున్నాడు. సాయం చేద్దామని దగ్గరికి పోతే చేత్తో వద్దన్నాడు.

"కమలకు ఇప్పుడే చెప్పకు బిడ్డా," అన్నాడు తల ఎత్తకుండా. "ముఖం తుడిచినంక చెప్పు."

నేను సరే మామా అన్నాను.